గిన్నె చుట్టూ తడి నేల

తెల్లవారుజామున వంటింట్లోకి అడుగు పెట్టగానే కాలికి ముందు తగిలేది తడి. రెండో అడుగులో అరికాలికి గుచ్చుకునేవి డ్రై ఫుడ్ గింజలు. లైటు వేసి చూస్తే గోడవారగా పెట్టిన గిన్నె గది మధ్యకి వచ్చి ఉంటుంది. నీళ్ళలో ఒక గింజ ఉబ్బి తేలుతుంటుంది. గచ్చు మీద చిన్న చిన్న తడి పాదాల ముద్రలు గుమ్మం దాకా సాగి ఉంటాయి. పిల్లి ఉన్న ఇంట్లో ఇది రోజూ ఉండేదే. దీనికి మనవాళ్ళు చెప్పే కారణం కూడా ఒక్కటే: "దానికి శుభ్రం తెలీదు."

పదమూడేళ్ళుగా మల్లి అనే నాటు పిల్లితో కలిసి ఉంటున్నాను. ఈ విషయం మీద పశువైద్యులూ, జంతువుల ప్రవర్తనను గమనించేవాళ్ళూ, భౌతికశాస్త్రం వాళ్ళూ రాసినవి నాకు దొరికినంత మేరకు చదివాను. చదివేకొద్దీ ఆ మాటలో న్యాయం లేదనిపించింది. మెలకువగా ఉన్న సమయంలో పెద్ద భాగం ఒళ్ళు నాక్కోవడానికే ఖర్చుపెట్టే జీవికి శుభ్రం తెలియదని ఎలా అంటాం? గిన్నెని ఎంచుకున్నది మనం. తినే తీరు మాత్రం దానికి తరతరాలుగా వచ్చింది. ఆ రెండూ పొసగని చోటే గింజలు రాలుతున్నాయి, నీళ్ళు ఒలుకుతున్నాయి.

నిజానికి ఇది మన ఇళ్ళకి కొత్త ప్రశ్న. పిల్లికీ తిండికీ మధ్య మనం చేసిన ఆలోచనంతా వాటిని విడదీయడం గురించే. ఉట్టి కట్టాం, పాలగిన్నె మూత మీద బరువు పెట్టాం, జాలీ తలుపుల అలమర చేయించాం. పిల్లి ఎలకల్ని పట్టుకుని తన తిండి తను చూసుకునేది, పెరట్లో ఎవరో ఒకరు ఇంత పెరుగన్నం పెట్టేవారు. ఏ గిన్నెలో పెట్టాలి, ఎంత లోతుండాలి, ఎక్కడ ఉంచాలి అన్న ప్రశ్నలు పిల్లి అపార్ట్‌మెంటులోకి వచ్చి, తలుపులు మూసుకున్నాక పుట్టినవి.

ముందు దాని పుట్టుక సంగతి. ఇప్పటి పెంపుడు పిల్లులన్నీ పశ్చిమాసియా ప్రాంతపు అడవి పిల్లి సంతతి అని 2007లో వెలువడిన జన్యు పరిశోధన తేల్చింది. సైప్రస్ దీవిలో మనిషి పక్కనే పాతిపెట్టిన పిల్లి ఎముకలు దొరికాయి. వాటి వయసు సుమారు 9,500 ఏళ్ళు. నీళ్ళు అరుదైన నేలలో బతికిన ఆ జాతి తన దాహాన్ని చాలావరకు వేటతోనే తీర్చుకుంది. ఎలుక ఒంట్లో దాదాపు 70 శాతం నీళ్ళే. పిల్లి మూత్రపిండాలు మూత్రాన్ని ఎంతో చిక్కగా చేసి, నీటిని ఒంట్లోనే నిలుపుకుంటాయి. దాహమనే పిలుపు దానికి మందంగానే వినిపిస్తుంది. ఇప్పుడు మనం పెట్టే డ్రై ఫుడ్‌లో నీరు సాధారణంగా 10 శాతానికి మించదు. అది తినే పిల్లి గిన్నెలో నీళ్ళు ఎక్కువే తాగుతుంది. అయినా తడి తిండి తినే పిల్లికి అందేటంత నీరు దానికి మొత్తం మీద అందదు. నాలుగు కిలోల పిల్లికి తిండిలోదీ గిన్నెలోదీ కలిపి రోజుకి సుమారు 200 మిల్లీలీటర్లు కావాలి. గిన్నె చుట్టూ ఒలికే నీళ్ళ గురించి విసుక్కునే ముందు, అది గిన్నె దగ్గరికి రావడమే మనకి మేలని గుర్తుంచుకోవాలి.

ఒలికే నీళ్ళకి చాలామంది నాలుకని తప్పుపడతారు. ఈ విషయంలో శాస్త్రం చెప్పింది ఎంత అందంగా ఉందో! 1940లో వచ్చిన 'క్విక్కర్ ఎన్ ఎ వింక్' అనే లఘుచిత్రంలో ఎమ్.ఐ.టి. ప్రొఫెసర్ హెరాల్డ్ ఎడ్జర్టన్ పిల్లి పాలు గతికే తీరును తన అతివేగపు ఫోటోగ్రఫీతో చూపించాడు. ఆ చిత్రానికి ఆస్కార్ వచ్చింది. మళ్ళీ 70 ఏళ్ళకి, అదే సంస్థలో పనిచేస్తున్న రోమన్ స్టాకర్ తన పిల్లి నీళ్ళు తాగడం చూసి కుతూహలపడ్డాడు. పెడ్రో రీస్, సంగ్‌హ్వాన్ జంగ్, జెఫ్రీ అరిస్టాఫ్‌లతో కలిసి లెక్క కట్టి, 2010లో 'సైన్స్' పత్రికలో రాశాడు. పిల్లి నాలుకని గరిటెలా ముంచదు. కొసని వెనక్కి మడిచి, నీటి పైపొరని అలా తాకించి, చప్పున పైకి లాగుతుంది. నాలుకతో పాటు సన్నని నీటి స్తంభం ఒకటి లేస్తుంది. అది తన బరువుకి విరిగి పడేలోగా పిల్లి నోరు మూసేస్తుంది. ఇలా సెకనుకి సుమారు నాలుగుసార్లు. ఒక్కోసారికి నోట్లోకి వెళ్ళేది మిల్లీలీటరులో పదో వంతు. పైకి లాగే ఊపుకీ, కిందికి గుంజే భూమ్యాకర్షణకీ మధ్య ఉన్న ఆ ఇరుకు సందులో దాహం తీర్చుకుంటుంది. కుక్క అలా కాదు. నాలుకని బలంగా నీళ్ళలోకి కొట్టి లాగుతుంది, చుట్టూ చిమ్ముతుంది. తాగడంలో పిల్లి అంత పొదుపైన జీవిని ఇళ్ళలో మరొకదాన్ని నేను చూడలేదు.

కాబట్టి గిన్నె చుట్టూ మడుగు కడితే నాలుకని వదిలేసి పాదాన్ని చూడాలి, గిన్నె బరువుని చూడాలి. పిల్లి ముందుకాలితో నీళ్ళని తట్టడం, గిన్నెని కుదపడం, తడిసిన పాదాన్ని నాకడం మనకి ఆటలా కనిపిస్తుంది. కొంత ఆటే, ముఖ్యంగా పిల్లకూనల్లో. కానీ దాని చూపు కదలికని పట్టుకోవడం కోసం తయారైంది. ముక్కుకి జానెడు దగ్గర్లో ఉన్న వస్తువు దానికి స్పష్టంగా కనపడదు. స్టీలు గిన్నెలో కదలకుండా ఉన్న తేటనీళ్ళ మట్టం ఎక్కడుందో తెలియాలంటే ఒకసారి తట్టి చూడటమే దారి. రోజుకొక మట్టంలో నీళ్ళు పోసే ఇళ్ళలో ఈ తట్టడం ఎక్కువ ఉంటుందని నా గమనిక. మల్లి గిన్నెకి లోపలివైపు ఒక గీత ఉంది. రోజూ రెండుపూటలా ఆ గీత దాకే పోయడం మొదలుపెట్టిన పదిహేను రోజుల్లో తట్టడం సగానికి తగ్గింది. ఒక్క పిల్లి మీద చూసినదాన్ని అందరికీ వర్తిస్తుందని చెప్పను. ఖర్చు లేని పని, చేసి చూడవచ్చు.

బరువు సంగతికొస్తే, షాపుల్లో అమ్మే తేలికపాటి ప్లాస్టిక్ గిన్నె కంటే మన అమ్మమ్మల రాచ్చిప్ప నయం. పులుసు కాచుకునే ఆ రాతిగిన్నె పిల్లి తోస్తే కదలదు, ఎండాకాలం నీళ్ళు త్వరగా వేడెక్కవు. అది లేకపోతే అడుగు వెడల్పుగా ఉన్న పింగాణీ గిన్నె, లేదా కింద రబ్బరు అంచున్న స్టీలు గిన్నె. ప్లాస్టిక్ మీద గీతలు పడి, ఆ గీతల్లో పాచి నిలుస్తుంది. కొన్ని పిల్లులకి గడ్డం కింద నల్లటి చుక్కల్లాంటి మొటిమలు వస్తే డాక్టర్లు మొదట మార్చమనేది ప్లాస్టిక్ గిన్నెనే. వేలితో రాస్తే జారే ఆ పాచి కంటికి కనపడకముందే ముక్కుకి తెలుస్తుంది. పిల్లి ముక్కుకి ఇంకా ముందు తెలుస్తుంది. అది నీళ్ళ గిన్నె వదిలేసి బాత్‌రూమ్ బకెట్టు దగ్గరికో, పూలకుండీ కింది పళ్ళెం దగ్గరికో పోతుంటే ముందు గిన్నె తోమి చూడాలి. నిమ్మ వాసన ఘాటుగా ఉండే సబ్బుతో తోమితే మాత్రం రెండుమూడుసార్లు కడగాలి, ఆ వాసన చాలా పిల్లులకి గిట్టదు.

ఇక రాలే గింజలు. పిల్లికి 30 పళ్ళు. వాటిలో మన దవడ పళ్ళలా నూరేవి లేవు. పక్కపళ్ళు కత్తెర రెండు రెక్కల్లా ఒకదాని పక్కనుంచి ఒకటి జారి మాంసాన్ని కోస్తాయి. అందుకే ముక్కని నోటి పక్కకి తెచ్చుకోవడానికి తల వంచుతుంది, ఒక్కసారి విదిలిస్తుంది. ఎలుక మీద పనిచేయడానికి పుట్టిన ఈ కత్తెర కింద గుండ్రటి పొడి గింజ పెడితే, సగం నలిగి సగం ఎగిరిపోతుంది. మూతి చదునుగా ఉండే పర్షియన్ పిల్లుల కష్టం మరీ ఎక్కువ. వాటికి గింజని నోటితో అందుకోవడమే ఒక పని. కాస్త పెద్ద ముక్కని గిన్నెలోంచి ఈడ్చుకెళ్ళి చాప మీద పెట్టుకు తినడం కూడా ఈ కోవలోదే. వేటని నలుగురూ చూసే చోట తినకూడదన్నది పిల్లి కులంలో చాలావాటి నియమం. చిరుత తన వేటని చెట్టెక్కించేది అందుకే. తిన్నాక గిన్నె చుట్టూ గచ్చుని గీరడం, పక్కనున్న గుడ్డని లాగి తిండి మీద కప్పబోవడం మిగిలింది దాచిపెట్టే ప్రయత్నం. "తిండి నచ్చక మట్టి కప్పుతోంది" అనుకుంటాం కానీ, చాలాసార్లు అది పొట్ట నిండిన గుర్తు. పెట్టే తిండి కాస్త తగ్గించి చూస్తే తెలిసిపోతుంది.

వీటన్నిటికీ మందులా ఈమధ్య అమ్ముతున్నది లోతు లేని వెడల్పు పళ్ళెం. లోతైన గిన్నె అంచులు మీసాలకి తగిలి పిల్లి అలిసిపోతుందని, అందుకే తిండిని బయటకి లాగి పారబోస్తుందని ప్రచారం. మీసాల కుదుళ్ళలో నరాలు దట్టంగా ఉంటాయన్నది నిజమే. అయితే దీన్ని నిజంగా పరీక్షించినవాళ్ళు తక్కువ. అమెరికాలో 38 పిల్లులకి మామూలు గిన్నెలోనూ, మీసాలకి అనుకూలమని అమ్మే పళ్ళెంలోనూ తిండి పెట్టి కొలిచారు. తిన్న సమయంలో, తిన్న తిండిలో, కింద పడేసిన తిండిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. రెండూ పక్కపక్కన పెట్టి ఎంచుకోమంటే మాత్రం ఎక్కువ పిల్లులు వెడల్పు పళ్ళెం వైపు వెళ్ళాయి. ఈ రెండు ఫలితాలనీ కలిపి చదవాలి. వెడల్పు పళ్ళెం పిల్లికి హాయినివ్వవచ్చు, మన నేలని శుభ్రంగా ఉంచుతుందన్న హామీ లేదు. హాయి కోసమైతే వందల రూపాయలు పెట్టి కొనక్కర్లేదు, ఇంట్లో ఉన్న టిఫిన్ ప్లేటు చాలు. నేల కోసమైతే ఆ ప్లేటుని అంచున్న పెద్ద ట్రేలో పెట్టాలి. రాలేవి ట్రేలో రాలతాయి. ఈ సమస్య మీద నేను చూసిన ఉపాయాలన్నిటిలో ఖాయంగా పనిచేసేది ఈ ట్రే ఒక్కటే. పిల్లిని మార్చమని అడగదు కాబట్టి.

నీళ్ళ ఫౌంటెన్ గురించీ ఇదే పద్ధతిలో మాట్లాడాలి. పారే నీళ్ళంటే కొన్ని పిల్లులకి ఇష్టం, కుళాయి విప్పేదాకా అరిచే పిల్లులు చాలా ఇళ్ళలో ఉన్నాయి. కానీ 2010లో ఒకసారి, 2019లో మరోసారి కొలిచి చూసినప్పుడు, ఫౌంటెన్ పెట్టినంత మాత్రాన పిల్లుల మూత్రం పలచబడలేదు. కొన్నింటికి నచ్చింది, కొన్నింటికి నిలవ నీళ్ళే నచ్చాయి. ఒంట్లోకి నీరు చేరాలంటే తిండిలోనే తడి ఉండటం అన్నిటికంటే సూటి దారి. వెట్ ఫుడ్‌లో 75 నుంచి 80 శాతం నీరే. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన చేపనో కోడినో ఆ ఉడికించిన నీళ్ళతో కలిపి పెట్టవచ్చు. ఉల్లీ వెల్లుల్లీ పిల్లి ఎర్రరక్తకణాలని పాడుచేస్తాయి, కూర కలిపిన అన్నం పెట్టే అలవాటు ఉన్నవాళ్ళు ఇది గట్టిగా గుర్తుంచుకోవాలి. తడి తిండికి మన ఎండలు శత్రువు. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఫ్యాను కింద పెట్టిన చేప గంటలోపే వాసన మొదలెడుతుంది. కొంచెం కొంచెంగా నాలుగుసార్లు పెట్టడం నేలకీ మంచిది, పిల్లి పొట్టకీ మంచిది. అది పుట్టుకతోనే రోజంతా చిన్న చిన్న వేటలు తినే జీవి.

తిండిని బొమ్మల్లో దాచి, కష్టపడి తీసుకుని తినేలా చేయమని ప్రవర్తన నిపుణులు సలహా ఇస్తారు. ఆబగా తిని వెంటనే కక్కేసే పిల్లులకి ఇది పనిచేస్తుంది. అయితే 2021లో కాలిఫోర్నియాలో మైకెల్ డెల్గాడో బృందం 17 పిల్లుల్ని పరీక్షిస్తే, ఊరికే దొరికే పళ్ళెం తిండినే అవి ఎక్కువగా ఎంచుకున్నాయి. ఇష్టంగా ఆడితే సరే, ఆకలి పెట్టి ఆడించకూడదు. ఆబగా తినడానికి అసలు కారణం పక్కన మరో పిల్లి ఉండటమైతే బొమ్మలతో పని జరగదు. గిన్నెలు ఒకదానికొకటి కనపడని చోట విడివిడిగా పెట్టాలి. పిల్లుల వైద్యుల అంతర్జాతీయ సంఘాలు 2013లో ఇచ్చిన మార్గదర్శకాల్లో తిండి, నీళ్ళు, మలవిసర్జన పెట్టె వేరువేరు చోట్ల, ఒకటికంటే ఎక్కువ ఉండాలన్నది ముఖ్యమైన సూత్రం. బాల్కనీలో అన్నీ ఒకేచోట పేర్చిన ఫ్లాట్లలో పిల్లి నీళ్ళు మానేయడం నేను చూశాను.

ఇప్పుడు మన ఇళ్ళకే ప్రత్యేకమైన చిక్కులు. బయటి దేశాల పుస్తకాలు వీటి గురించి పెద్దగా మాట్లాడవు. మొదటిది చీమలు. రాలిన గింజ పది నిమిషాలు నేల మీద ఉంటే చాలు, వరస కట్టేస్తాయి. చీమల మందు సుద్దతో గిన్నె చుట్టూ గీత గీసేవాళ్ళని చాలామందిని చూశాను. దయచేసి గీయకండి. ఆ సుద్దల్లో ఉండేది సాధారణంగా పైరెత్రాయిడ్ జాతి విషం. ఈ జాతి మందుల్ని విరిచే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. గీత తొక్కిన పాదాన్ని అది అయిదు నిమిషాల్లో నాకుతుంది. పాతకాలపు అలమర కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టినట్టే, అంచున్న పళ్ళెంలో నీళ్ళు పోసి, మధ్యలో తిండి గిన్నె పెడితే చీమలు చేరవు. పిల్లి ఆ కందకంలో నీళ్ళు కూడా తాగుతుంది. అందుకే అందులో ఉప్పు, సబ్బు, కిరసనాయిలు ఏమీ కలపకూడదు. రోజూ పారబోసి కడగాలి, లేకపోతే వారం పది రోజుల్లో డెంగీ దోమలకి అదే పురిటిగది.

రెండోది ఫినాయిల్. ఒలికిన పాలవాసన, చేపవాసన పోవాలని గిన్నె ఉన్న చోటే ఎక్కువ పోసి తుడుస్తాం. ఫినాల్ జాతి పదార్థాలు పిల్లికి విషం, కారణం మళ్ళీ ఆ కాలేయమే. పిల్లి తినే చోట వేడినీళ్ళూ, కొద్దిగా వాసన లేని సబ్బూ, ఆపై ఉత్తనీళ్ళతో ఒక తుడుపూ చాలు. పని మనిషి వచ్చే ఇళ్ళలో ఈ సంగతి ఆమెకి కూర్చోబెట్టి చెప్పాలి. గిన్నె చుట్టూ శుభ్రం చేసేది సాధారణంగా ఆమే.

మూడోది పాలు. పిల్లి అంటే పాలు అన్నది మన సామెతల్లోనే ఉంది. పెద్ద పిల్లుల్లో చాలావాటికి ఆవుపాలు, గేదెపాలు అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. తెనాలి రామకృష్ణుడు కాగే పాలు పెట్టి తన పిల్లికి పాలంటేనే భయం పుట్టించిన కథ చిన్నప్పుడు నవ్వుతూ విన్నాం. ఇప్పుడు చదివితే ఆ పిల్లి మీద జాలి వేస్తుంది. ఆ కథలో ఒక నిజం మాత్రం ఉంది: గిన్నె దగ్గర ఒకసారి బాధపడిన పిల్లి ఆ గిన్నెనే వదిలేస్తుంది. ఒలకబోసినప్పుడు అరవడం, నీళ్ళు చల్లడం, మందుని బలవంతంగా తిండిలో కలపడం ఇవన్నీ తెనాలి వారి వేడిపాలే. తినడం మానేసిన పిల్లికి, అందులోనూ లావుపాటి పిల్లికి, రెండు మూడు రోజుల్లో కాలేయానికి కొవ్వు పట్టే ప్రమాదం ఉంది. కొత్త గిన్నె పెట్టినా, చోటు మార్చినా, పూట పస్తు కనిపిస్తే వెంటనే పాతది తిరిగి పెట్టాలి. ఒకసారి ఒక్క మార్పే చేయాలి, దానికి వారం ఇవ్వాలి.

చివరికి మిగిలేది రోగం. పైన చెప్పిన అలవాట్లన్నీ ఏళ్ళ తరబడి ఒకే తీరులో సాగేవి. ఉన్నట్టుండి మారినదాన్ని అలవాటు అనుకోకూడదు. నోట్లోంచి తిండి జారడం, చొంగ, ఒకే వైపు నమలడం పళ్ళ, చిగుళ్ళ జబ్బుకి గుర్తులు. నీళ్ళ గిన్నె రోజూ ఖాళీ అవుతుంటే మూత్రపిండాల జబ్బు, చక్కెర వ్యాధి, థైరాయిడ్ ఎక్కువ కావడం ఈ మూడింటినీ పరీక్షించాలి. తిండిలోదీ గిన్నెలోదీ కలిపి కిలో బరువుకి రోజుకి 100 మిల్లీలీటర్లు దాటితే ఆగకూడదు. అంత దాకా కూడా ఎందుకు, మామూలుగా తాగేదానికంటే స్పష్టంగా పెరిగితే చాలు. పోసేముందు, మర్నాడు మిగిలినప్పుడు కొలగ్లాసుతో కొలిస్తే సరి. ఎండాకాలం ఆవిరయ్యేది తెలియాలంటే అలాంటిదే మరో గిన్నెని పిల్లికి అందని గట్టు మీద పెట్టి, తగ్గింది తీసేయాలి. ముసలి పిల్లుల సంగతి వేరు. పన్నెండేళ్ళు దాటిన 100 పిల్లుల ఎక్స్‌రేలు చూసిన 2002 నాటి అధ్యయనంలో 90 పిల్లులకి కీళ్ళ అరుగుదల కనిపించింది. మెడ వంచడం కష్టమైన పిల్లి గిన్నెలోంచి నోటికందినంత లాగి కింద వేసుకుని తింటుంది. గిన్నెని నాలుగంగుళాల పీట మీద పెడితే అది చెప్పలేని మాట మనం విన్నట్టు.

పోయిన ఏడాది వినాయక చవితి దాటాక మల్లి ట్రేలో ఒక తేడా కనిపించింది. అప్పటిదాకా గింజలు గిన్నెకి రెండు పక్కలా రాలేవి. ఆ వారం అన్నీ ఎడమవైపే ఉన్నాయి. తిండి మానలేదు, అరవలేదు, మీదెక్కి పడుకోవడం మానలేదు. పశువుల డాక్టరు కుడి దవడ పైకెత్తి చూస్తే ఒక పన్ను మొదట్లో గులాబీ రంగు గుంట ఉంది, పన్ను కరిగిపోతోంది. తాకగానే దవడ వణికింది. మత్తిచ్చి ఆ పన్ను తీసేశారు. మూడు వారాలు చేపని మెత్తగా చిదిపి పెట్టాను. ఆ తర్వాత ఒక పొద్దున వంటింట్లో లైటు వేసి చూశాను. నేల తడిగా ఉంది. గింజలు గిన్నెకి రెండు పక్కలా ఉన్నాయి.